పాఠం మాటిమాటికీ ఆగిపోతుంటే ఏం చేయాలి? ఎక్కడ పట్టాలి, ఎక్కడ వదలాలి

బోర్డు మీద లెక్క సగంలో ఉంటుంది. ఒకరు పెన్నులో ఇంకు అయిపోయిందంటారు, ఇంకొకరు నీళ్లు తాగొస్తానంటారు. తలుపు దగ్గర ఎవరో సర్క్యులర్ పట్టుకుని నిలబడతారు. వెనక బెంచీలో గుసగుసలు. మళ్లీ బోర్డు వైపు తిరిగేసరికి ఎక్కడ ఆపారో మీకే గుర్తుండదు.

అంతరాయాలే లేని క్లాసు ఉండదు. కొన్నిటిని ముందే సర్దుకుని రాకుండా చూడొచ్చు, వచ్చినవాటిని పాఠం తెగకుండా దాటించొచ్చు. కష్టమైన పని వేరే ఉంది: గదిలో ప్రతి కదలికా నా చేతిలోనే ఉండాలన్న పట్టు సడలించుకోవడం. కింది పద్ధతి ఆ మూడింటికీ కలిపి.

1. ముందు ఐదు రోజులు లెక్క రాయండి

ఏమీ మార్చకండి. బల్ల మీద ఒక కాగితం పెట్టి నాలుగు గడులు గీయండి: బయటినుంచి వచ్చినవి, పిల్లల అవసరాలు (పెన్ను, నీళ్లు, బాత్రూం), పిల్లల మాటలు, నేను ఆపినవి. పాఠం ఆగిన ప్రతిసారీ ఒక గీత చాలు.

నాలుగో గడిని దాటేయకండి. ఇద్దరు గుసగుసలాడితే వాళ్లిద్దరి ధ్యాసే పోతుంది. మీరు పాఠం ఆపి నలభై సెకన్లు మందలిస్తే గదిలో అందరి ధ్యాసా పోతుంది. పీరియడ్‌లో ఎనిమిది సార్లు అలా జరిగితే అయిదు నిమిషాలకు పైగా మందలింపులకే సరి. మీకు ఈ గడిలోనే ఎక్కువ గీతలు కనిపించొచ్చు. బాధపడాల్సిన పని లేదు. పూర్తిగా మీ చేతిలో ఉన్న గడి అదొక్కటే, మార్పు అక్కడ తొందరగా వస్తుంది.

2. అడగాల్సిన అవసరమే లేకుండా చేయండి

తలుపు పక్కన ఒక డబ్బాలో ఆరు పెన్నులు, రెండు షార్పెనర్లు ఉంచండి. ఒక్కోదానికి అంకె వేసిన టేపు చుట్టండి. కావలసినవాళ్లు అడక్కుండా తీసుకుంటారు, చివర్లో ఒక విద్యార్థి లెక్క చూస్తాడు. బయటికి వెళ్లడానికి ఒకే ఒక అట్టముక్క. అది మేకుకు వేలాడుతుంటే వెళ్లొచ్చు, లేకపోతే వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా ఆగాలి. కొత్త విషయం చెప్పే మొదటి పది నిమిషాలు మాత్రం, అత్యవసరమైతే తప్ప, ఎవరూ వెళ్లకూడదు.

మాట్లాడకుండా అవసరం తెలిపే చేతి సైగలు మూడుకు మించి పెట్టకండి. నాలుగోది వచ్చేసరికి ఏది దేనికో పిల్లలూ మరిచిపోతారు, మీరూ మరిచిపోతారు. సైగకు మీ జవాబు తల ఊపడమే. నోట్లో ఉన్న వాక్యం ఆగకూడదు.

బయటినుంచి వచ్చే కాగితాలు తలుపు పక్క బల్ల మీద పెట్టించండి. దగ్గర్లో కూర్చున్న పిల్లో పిల్లాడో తీసుకుంటే చాలు. పిల్లలు రాసుకుంటున్నప్పుడు మీరు చదవొచ్చు.

3. ఆగిన చోట గుర్తు పెట్టండి

చిన్న పని, కానీ చాలా పనికొస్తుంది. అంతరాయం రాగానే చివరగా రాసిన అక్షరం పక్కన చాక్‌పీసుతో ఒక చుక్క పెట్టండి. పుస్తకం చదువుతుంటే ఆ వరుస మీద బొటనవేలు ఆనించండి. మైకులో ప్రకటన వస్తే దానిమీద గొంతు పెంచి పోటీ పడకండి. చుక్క పెట్టి నిశ్శబ్దంగా నిలబడండి.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు ‘మనం ఎక్కడున్నాం?’ అని ఒకరిని అడగండి. ఆ పిల్ల చెప్పే ఒక్క వాక్యంతో క్లాసంతా చుక్క దగ్గరికి వస్తుంది. మొత్తం మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెడితే మాత్రం, విననివాళ్లకు మరోసారి చెబుతారులే అన్న ధీమా వస్తుంది.

4. అన్నిటికన్నా చిన్న జవాబుతో మొదలుపెట్టండి

అల్లరి కనిపిస్తే ఈ వరుసలోనే వెళ్లండి:

- పాఠం చెబుతూనే ఆ వైపు రెండు సెకన్లు చూపు నిలపండి.
- చెబుతూనే నడిచి ఆ బెంచీ పక్కన నిలబడండి.
- వేలితో వాళ్ల నోటుబుక్కులో చేయాల్సిన వరుస చూపించండి.
- వంగి, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా పేరు, చేయాల్సిన పని చెప్పండి: ‘మూడో లెక్క మొదలుపెట్టు.’
- అప్పటికీ ఆగకపోతే ‘పీరియడ్ అయ్యాక మాట్లాడదాం’ అని వదిలి, అన్నమాట ప్రకారం మాట్లాడండి.

ఎక్కువ భాగం మొదటి రెండు మెట్లలోనే తీరిపోతాయి. 1970లో వెలువడిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేకబ్ కౌనిన్ పరిశోధన చెప్పింది కూడా ఇలాంటిదే: తప్పు జరిగాక ఎలా మందలించారన్నది క్లాసుల మధ్య తేడా తేలేదు. గదిలో ఏం జరుగుతోందో టీచరుకు తెలుసని పిల్లలకు తెలియడం, పాఠం తెగకుండా సాగడం తేడా తెచ్చాయి.

5. అరిచి చెప్పే జవాబులు

చేయి ఎత్తినవాళ్లనే పిలుస్తానని చెప్పి, అరిచిన జవాబు సరైనదైతే ‘ఆఁ, కరెక్ట్’ అనేయడం అందరూ చేసే పొరపాటు. పదింటిలో ఒక్కసారి పట్టించుకున్నా ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది, ఈసారైనా ఫలిస్తుందేమోనని ప్రయత్నిస్తూనే ఉంటారు. పట్టించుకోవడం పూర్తిగా మానేస్తే మొదట్లో అరుపులు తగ్గకపోగా పెరగొచ్చు. ఇది పనిచేయడం లేదని చాలామంది అక్కడే విడిచిపెడతారు. నిజానికి ఆ పెరుగుదల మార్పు మొదలైందనడానికి గుర్తు. రెండు వారాలు నిలబడండి.

ప్రశ్న అడిగాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టండి. టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవుగా, ఎక్కువమంది నుంచి వస్తాయని అమెరికన్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపారు. ఆ నిశ్శబ్దం మీకు ఇబ్బందిగా అనిపిస్తుంది. పిల్లలకు అది ఆలోచించుకునే సమయం.

6. గొంతు తగ్గించండి

చుట్టూ సద్దు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లోంబార్ 1911లోనే దీన్ని వివరించాడు. మీరు అరిస్తే పిల్లల మాటలూ పెరుగుతాయి, గొంతు మాత్రం మీదే పోతుంది. ఊపిరి పూర్తిగా వదిలి, భుజాలు కిందికి దించి, మామూలు కన్నా ఒక మెట్టు తక్కువలో మాట్లాడండి. ముందు వరుస వింటుంది, వాళ్లే వెనకవాళ్లను ఊరుకోమంటారు.

7. వదలాల్సినవి వదలండి

నలభై అయిదు నిమిషాల పీరియడ్‌కు ముప్పై అయిదు నిమిషాల పాఠమే సిద్ధం చేసుకోండి. అసలు విషయం మొదటి పదిహేను నిమిషాల్లో పెట్టుకోండి. మిగిలిన పది అంతరాయాలకు ముందే ఇచ్చేశారు కాబట్టి అవి వచ్చినప్పుడు ఏదో పోగొట్టుకున్నట్టు ఉండదు.

తర్వాత పనులు అప్పగించండి: పుస్తకాలు పంచడం, బోర్డు తుడవడం, పెన్నుల డబ్బా. వారానికి ఒకటి చొప్పున, అన్నీ ఒకేసారి కాదు. వాళ్లు మీ అంత చక్కగా చేయరు, వంకరగా పంచుతారు. లేచి సరిచేయకండి. గుంపుగా పని చేసేటప్పుడు వచ్చే సద్దును చెవితో కాదు, కళ్లతో కొలవండి: కళ్లు కాగితం మీద ఉంటే ఆ సద్దు పనిలోంచి వచ్చిందే.

వదలకూడనివీ ఉన్నాయి. దెబ్బలాట, ఒకరిని ఏడిపించడం, అవమానించే మాట, దెబ్బ తగిలే పని. వీటికి పాఠం అక్కడికక్కడే ఆగాలి. చేసింది ఒకరైతే క్లాసంతటికీ శిక్ష వేయకండి, చేయనివాళ్లు మీకు దూరమవుతారు.

గీతల్లో సగానికి పైగా ఒకే పిల్లవాడివైతే కారణం వెతకండి. బోర్డు కనపడుతోందా, చెప్పేది వినపడుతోందా, లెక్క మరీ కష్టమా, మరీ తేలికా? ముందు వరుసకు మార్చి చూడండి. క్లాసు బయట రెండు నిమిషాలు, కోపం లేనప్పుడు, అతన్నే అడగండి.

మూడు వారాలయ్యాక మళ్లీ రెండు రోజులు గీతలు గీయండి. పాత కాగితంతో పోల్చేటప్పుడు నాలుగో గడి ముందు చూడండి. అది తగ్గలేదంటే నాలుగో అంశంలో చెప్పిన వరుసను మళ్లీ మొదటినుంచి పట్టుకోండి.