రేడియేషన్ రక్షణ పనిలోకి రావాలనుకుంటే

ఫిజిక్స్ చదివితే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. మొదలుపెట్టడానికి సరిపోతుంది. బయాలజీ నుంచి వచ్చినా ఫర్వాలేదు, ఎటూ రెండోది నేర్చుకోక తప్పదు. అందరూ తప్పించుకోవాలని చూసేది స్టాటిస్టిక్స్‌ని, కానీ అది లేకపోతే ఈ పనిలో అడుగు ముందుకు పడదు, ఎందుకంటే తక్కువ డోస్ (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు) వల్ల వచ్చే ముప్పు ఒక్క మనిషిని చూసి తేల్చేది కాదు. హిరోషిమా, నాగసాకిల్లో సుమారు 1,20,000 మంది ఆరోగ్యాన్ని దశాబ్దాల పాటు గమనిస్తేనే ఈరోజు మనం వాడే అంచనాల్లో చాలావరకు వచ్చాయి.

ముందు రేడియేషన్ కొలిచే సర్వే మీటర్‌ని చేతికి అలవాటు చేసుకోండి. బ్యాటరీ చూడండి, కాలిబ్రేషన్ (మీటర్ సరిగ్గా చూపిస్తోందో సరిచూడటం) గడువు దాటలేదని స్టిక్కర్ మీద చూసుకోండి, చెక్ సోర్స్ (పరీక్షకి వాడే, కొద్దిగా రేడియేషన్ వెదజల్లే చిన్న వస్తువు) దగ్గర పెట్టి ముల్లు కదులుతోందో లేదో చూడండి. ఇదంతా గది బయటే. లోపలికెళ్లాక ఆన్ చేద్దాంలే అనుకోవద్దు: రేడియేషన్ మరీ ఎక్కువగా ఉన్నచోట కొన్ని గైగర్ కౌంటర్లు (ఒక రకం సర్వే మీటర్లు) ఉక్కిరిబిక్కిరై సున్నా చూపిస్తాయి, ఆ సున్నాని నమ్మి అక్కడే నిలబడ్డవాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు. రీడింగ్ పక్కన యూనిట్ కూడా రాయండి. మైక్రోకీ మిల్లీకీ వెయ్యి రెట్ల తేడా. కొత్తలో నేను యూనిట్ రాయకుండా వచ్చేసి, మర్నాడు పొద్దున్నే వెళ్లి గదంతా మళ్లీ కొలిచాను.

ఒంటికి ఎంత డోస్ తగిలిందో కొలిచే బ్యాడ్జ్ విషయంలో బద్ధకం వద్దు. ఏప్రన్‌కి తగిలించి, ఆ ఏప్రన్‌ని ఎక్స్‌రే గదిలోనే వేలాడదీసి ఇంటికెళ్లిపోయేవాళ్లున్నారు. తర్వాత రిపోర్టులో వాళ్ల ఒంటికి తగలని డోస్ వాళ్ల పేరు మీద వస్తుంది, ఇక విచారణ, టెన్షన్. తక్కువసేపు ఉండటం, దూరం జరగడం, అడ్డు పెట్టుకోవడం అని మూడు సూత్రాలు చెబుతారు కదా, నా ఓటు దూరానికే. చిన్న సోర్స్‌కి అర మీటరు దూరంలో ఉన్నవాళ్లు మీటరు దూరానికి జరిగితే డోస్ నాలుగో వంతుకి పడిపోతుంది, పైసా ఖర్చు లేదు.

రీసెర్చ్ వైపు వెళ్లేవాళ్లు ల్యాబ్‌లోనే కూర్చోకండి. 1950ల్లో బ్రిటన్‌లో ఆలిస్ స్టీవర్ట్ అనే డాక్టర్, కాన్సర్‌తో చనిపోయిన పిల్లల తల్లుల దగ్గరికి ప్రశ్నల పట్టిక పంపించారు. కడుపుతో ఉన్నప్పుడు పొట్టకి ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులతో పోలిస్తే, వాళ్లలో ఎక్కువగా తేలారు. 1956లో ఆ సంగతి బయటపెడితే, వైద్యలోకం ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. తట్టుకునే ఓపిక ఉందో లేదో ముందే చూసుకోండి.

అన్నిటికంటే కష్టం జనంతో మాట్లాడటం. "మా బాబుకి ఎక్స్‌రే తీశారు, ఏమీ కాదు కదా?" అని ఒక తల్లి అడిగితే సీవర్ట్‌ల (డోస్‌ని కొలిచే యూనిట్) పాఠం మొదలుపెట్టకండి. ఏ ఎక్స్‌రే అని అడగండి. ఛాతీదైతే మామూలుగా 0.1 మిల్లీసీవర్ట్ దాటదు. నేల, గాలి, ఆకాశం, తిండి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 ఎటూ అందుతుంది కాబట్టి, రెండు వారాల్లో అందేదానికి ఇది పెద్దగా మించదని చెప్పండి. సీటీ స్కాన్ అయితే మాత్రం ఇదే మాట చెప్పకండి. అది కొన్ని మిల్లీసీవర్ట్‌ల వ్యవహారం, డాక్టర్ ఎందుకు రాశారో కూడా కనుక్కున్నాకే జవాబివ్వండి.