బ్రేక్ ప్యాడ్లు అరిగాయో లేదో శబ్దం రాకముందే చూసి తెలుసుకోవడం

కారు చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును రెండు వైపుల నుంచీ నొక్కి ఆపేవి బ్రేక్ ప్యాడ్లు. ఒక్కో ప్యాడ్‌కు వెనక ఉక్కు పలక, దాని మీద అతికించిన ఘర్షణ పొర ఉంటాయి. కొత్తగా బిగించినప్పుడు సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందంతో ఉండే ఆ పొర, బ్రేకు నొక్కిన ప్రతిసారీ కాస్త కాస్తగా అరుగుతూ 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే ఇక మార్చవలసిందే. కొలిచేటప్పుడు వెనక ఉన్న ఉక్కు పలకను కలుపుకోకూడదు. చాలామంది రెండింటినీ ఒకటిగా చూసి ప్యాడ్ ఇంకా మందంగానే ఉందని పొరబడతారు.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్న ప్రశ్నకు ఒకే అంకె చెప్పడం సరికాదు. హైదరాబాద్‌లో ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగుతూ ఆఫీసుకు వెళ్లి వచ్చే కారుకూ, విజయవాడ నుంచి విశాఖపట్నానికి జాతీయ రహదారి మీద సాగిపోయే కారుకూ అరుగుదల ఒకేలా ఉండదు. తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డులో రెండో గేరులోనో మూడో గేరులోనో ఇంజనే బండి వేగాన్ని పట్టి ఉంచేలా దిగే డ్రైవరుకు ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి. కొండ మొత్తం బ్రేకు మీదే కాలు ఉంచి దిగేవారికి అవి త్వరగా అరగడమే కాక, విపరీతమైన వేడికి పట్టు కూడా కోల్పోతాయి. అందువల్ల సుమారు 10,000 కిలోమీటర్లకు ఒకసారి, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా, ప్యాడ్లను కంటితో చూడడమే నమ్మదగిన పద్ధతి.

చూడడానికి కారును సమతలమైన చోట నిలిపి, బ్రేకులు చల్లారాక, హ్యాండ్ బ్రేకు వేసి స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పాలి. అల్లాయ్ చక్రాలైతే ఊచల సందుల్లోంచి టార్చి వేసి, డిస్కు మీద కూర్చుని ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌లో బయటి ప్యాడ్‌ను చూడవచ్చు. మామూలు ఇనుప చక్రాలైతే చక్రం విప్పక తప్పదు. అప్పుడు వెనక చక్రాలకు రాయి అడ్డం పెట్టి, బండి నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేసి, ఆ తరువాతే జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి ఎన్నడూ దూరకూడదు.

బయటి ప్యాడ్ బాగుందని అక్కడితో ఆగిపోవడం పెద్ద పొరపాటు. మన దగ్గర ఎక్కువ కార్లలో ఉండే కాలిపర్‌కు, బ్రేకు నొక్కితే ఆయిల్ ఒత్తిడికి ముందుకు జరిగే పిస్టన్ లోపలి వైపు మాత్రమే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నేరుగా తోస్తే, కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను డిస్కుకు లాగుతుంది. ఆ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటే భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. ఒకసారి నా కారును సర్వీసింగ్‌లో పైపైన చూసి ప్యాడ్లు సగం ఉన్నాయని చెప్పారు. కొన్ని వారాలకే గరగరమని శబ్దం వస్తే విప్పించాను. బయటి ప్యాడ్ నిజంగానే సగం ఉంది, లోపలిది మాత్రం ఉక్కు పలక దాకా అరిగి డిస్కును గాట్లు పడేలా కోసేసింది. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కు దాకా వెళ్లింది. అప్పటి నుంచి లోపలి ప్యాడ్‌ను చూపించమని మెకానిక్‌ను అడగకుండా నేను షెడ్డు దాటను.

శబ్దాల సంగతి. కొన్ని ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప రేకు ఉంటుంది. పొర బాగా పలచబడగానే అది డిస్కుకు తగిలి కీచుమని సన్నగా అరుస్తుంది. అది వినిపించిన కొద్ది రోజుల్లోనే మార్పించాలి. గరగరమని లోహం రాచుకునే మోత వస్తే మాత్రం బండిని ఇక నడపకూడదు. రాత్రి వానకు తడిసిన కారు ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులకు చేసే రాపిడి శబ్దం డిస్కు మీది పలచని తుప్పుది. వెంటనే పోతే దానికి కంగారు పడనక్కరలేదు.

బ్రేక్ ఆయిల్ డబ్బా కూడా సంగతి చెబుతుంది. ప్యాడ్లు అరిగిన కొద్దీ పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్లి డబ్బాలో మట్టం తగ్గుతుంది. మట్టం తగ్గిందని చూడగానే నింపేయకుండా ముందు ప్యాడ్లు చూడాలి. అవి బాగుండి కూడా మట్టం పడిపోతే ఎక్కడో కారుతున్నట్టే. పెడల్ మెత్తగా కిందికి దిగడం, బండి ఒక పక్కకు లాగడం, బ్రేకు వేస్తే స్టీరింగు అదరడం వంటివి కేవలం ప్యాడ్ల అరుగుదల వల్ల వచ్చేవి కావు. వాటిని వేరుగా పరీక్షింపజేయాలి.

మార్చేటప్పుడు ఒక చక్రానికే కాకుండా ఇరుసుకు రెండు వైపులా కలిపి మార్చాలి, పిన్నులకు తగిన గ్రీజు వేయించాలి, డిస్కు మందాన్ని దాని మీదే చెక్కి ఉండే కనిష్ఠ మందంతో పోల్చి చూడమనాలి. చిన్న కార్లలో వెనక డిస్కులకు బదులు డ్రమ్ములుంటే వాటిని విప్పించి, లోపల ప్యాడ్ల పని చేసే బ్రేక్ షూలు కూడా చూడాలి. కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకునే మొదటి 200, 300 కిలోమీటర్లు అత్యవసరమైతే తప్ప గట్టి బ్రేకులు వేయకూడదు. అన్నిటికంటే ముందు, షెడ్డులో బండి కదలకముందే పెడల్‌ను గట్టిపడేదాకా పలుమార్లు నొక్కాలి; కొత్త ప్యాడ్లు పట్టడానికి వెనక్కి నెట్టిన పిస్టన్లు వాటిని మళ్లీ చేరుకునేదాకా మొదటి బ్రేకు పడదు.