మెడ నొప్పి: ఎక్స్‌రే ఫిల్మ్ తర్వాత చూడొచ్చు, ముందు చెయ్యి చూడండి

మిర్యాలగూడ రైస్ మిల్లు హమాలీ ఒకాయన తన వంతు వచ్చేదాకా కుడి చెయ్యి నెత్తిమీదే పెట్టుకుని కూర్చున్నాడు. "ఇట్ల పెడితెనే గుంజుడు తగ్గుతది సార్" అన్నాడు. నా పరీక్ష సగం అక్కడే అయిపోయింది.

మెడ నుంచి చేతిలోకి గుంజుతోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

మెడలో నరం మొదలు (వేరు) నొక్కుకుంటే ఇలా అవుతుంది. చెయ్యి నెత్తిన పెడితే ఆ నరం మీద లాగుడు తగ్గుతుంది. ఏ వేలో తప్పకుండా అడగండి. బొటనవేలు, చూపుడు వేలు అయితే ఎక్కువగా సీ6 నరం (సీ అంటే సర్వైకల్, మెడ), నడిమి వేలు సీ7, చిటికెన వేలు సీ8. మెడలో పూసలు 7, నరాల జతలు 8. సీ6 నరం 5, 6 పూసల మధ్య నుంచి బయటికొస్తుంది. అందుకే దాని ఇబ్బంది రిపోర్టులో "సీ5-6 డిస్క్" (ఆ రెండు పూసల మధ్య మెత్త) అని కనిపిస్తుంది.

తర్వాత తలను నొప్పి వైపు వంచి మెల్లగా అదమండి, చేతిలోకి పాకుతుందా? తలను పైకి లాగితే తగ్గుతుందా? చెయ్యి చాపించి నరాన్ని సాగదీస్తే అదే గుంజుడు వస్తుందా? నొప్పి వైపు మెడ 60 డిగ్రీలు కూడా తిరగట్లేదా? ఒక్క పరీక్షను నమ్మొద్దు, నాలుగూ ఒకే మాట చెబితే నరమే. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. మెడకు ట్రాక్షన్ (మెల్లగా లాగి ఉంచడం), వ్యాయామాలు చేయించాలి, అన్నాళ్లూ బస్తా మోయకూడదు. హమాలీకి ఇది చెప్పడమే కష్టం, మోయకపోతే ఆ రోజు కూలి రాదు.

రాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే తగ్గుతోందా? అయితే మణికట్టు కూడా చూడండి, నరం అక్కడ నొక్కుకుంటూ ఉండొచ్చు.

భుజం నొప్పిని మెడ మీద వేస్తున్నారు

పోచంపల్లి పక్క ఊళ్లలో ఆసు పోసిన (చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో చుట్టిన) ఆడవాళ్లకు ఒక్క చీరకే చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరిగేది. నేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసింది తల్లి పడిన ఆ భుజాల బాధ చూసే. చెయ్యి ఎత్తితే నొప్పి, మెడ తిప్పితే ఏమీ లేదంటే ఎక్కువగా అది భుజం నొప్పే.

పొద్దున లేచేసరికి మెడ పట్టేసింది

కాపడం పెట్టి మెల్లగా తిప్పుతుంటే వారంలోపు సర్దుకుంటుంది. క్షౌరం చేయించుకుంటూ మెడ విరిపించుకోవద్దు.

గుండీలు పెట్టుకోలేకపోతున్నారు, నడక తూలుతోంది

నొప్పి లేకపోయినా భయపడాల్సింది దీనికే, వెన్నుపాము నొక్కుకుంటూ ఉండొచ్చు. 10 సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు మూసి తెరుస్తారో లెక్కపెట్టండి, 20 కన్నా తక్కువైతే అనుమానించాలి. నడిమి వేలి గోరు మీద చిటికేస్తే బొటనవేలు ముడుచుకుంటోందా? అయితే ట్రాక్షన్ పెట్టొద్దు, మెడ విరవొద్దు. ఎంఆర్ఐ తీయించి స్పైన్ సర్జన్ దగ్గరకు పంపండి. బండి మీద నుంచి పడి మెడను రెండు వైపులా 45 డిగ్రీలు తిప్పలేనివాళ్లనూ, దెబ్బ తగిలిన 65 ఏళ్లు దాటినవాళ్లనూ ఫిల్మ్ చూడకుండా ముట్టుకోవద్దు.

ఇక, 50 దాటినవాళ్ల ఎక్స్‌రేలో అరుగుదల నొప్పి లేని మెడలోనూ కనిపిస్తుంది. అది చూసి "స్పాండిలైటిస్" (మెడ పూసల జబ్బు) అని రాసేసి టెన్షన్ పెట్టకండి.