గ్రాఫీన్ ఓఎస్ వేసుకునే ముందు జాగ్రత్తలు

▪ గ్రాఫీన్ ఓఎస్ అంటే ఫోన్‌తో వచ్చిన ఓఎస్ బదులు వేసుకునే, ప్రైవసీకి, భద్రతకు ప్రాధాన్యమిచ్చే ఆండ్రాయిడ్ ఆధారిత ఓఎస్. దీన్ని ప్రధానంగా గూగుల్ పిక్సెల్ ఫోన్ల కోసం తయారుచేశారు. సెకండ్ హ్యాండ్ పిక్సెల్ కొంటుంటే, డబ్బు చేతిలో పెట్టకముందే సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో ‘ఓఈఎం అన్‌లాకింగ్’ (వేరే ఓఎస్ వేసుకోవడానికి వీలిచ్చే సెట్టింగ్) ఆన్ అవుతుందో లేదో చూడండి. అమెరికాలో కొన్ని నెట్‌వర్క్ కంపెనీలు అమ్మిన ఫోన్లలో అది ఆన్ కాదు.

▪ బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయగానే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ అందరికీ గుర్తుంటాయి. లాగిన్ కోడ్‌లిచ్చే అథెంటికేటర్ యాప్‌నే మర్చిపోతారు, దాన్ని ముందే వేరే ఫోన్‌కి మార్చుకోండి.

▪ అసలు టెన్షన్ బ్యాంకు యాప్‌లతోనే. గూగుల్ ప్లే వేసుకుంటే చాలా యాప్‌లు మామూలుగానే పనిచేస్తాయి. కానీ గూగుల్ ధ్రువీకరించిన ఓఎస్ కాదని కొన్ని తెరుచుకోవు. మీ బ్యాంకు యాప్ సంగతి ఇదే ఓఎస్ వాడేవాళ్లను అడిగి తెలుసుకోండి. యూపీఐకి సిమ్ నుంచి ఎస్ఎంఎస్ వెళ్లి మళ్లీ రిజిస్టర్ కావాలి. కొత్తదాంట్లో ఒక్క రూపాయి పంపి చూసేదాకా పాత ఫోన్ ఎవరికీ ఇచ్చేయకండి. షాపులో మెషిన్‌కి ఫోన్ తాకించి గూగుల్ పేతో కట్టే అలవాటుంటే, అది వదులుకోవాల్సిందే.

▪ ఓఎస్ వేయడానికి ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపేటప్పుడు, ఛార్జింగ్ ఒక్కటే కాకుండా డేటా కూడా వెళ్లే మంచి కేబుల్ వాడండి.

▪ చివర్లో బూట్‌లోడర్ తప్పకుండా లాక్ చేయండి. అప్పుడు కూడా డేటా చెరిగిపోతుంది కాబట్టి యాప్‌లు ఆ తర్వాతే వేసుకోండి.

▪ తెలుగు టైపింగ్‌కి గూగుల్ వాళ్ల కీబోర్డ్ జీబోర్డ్ కావాలంటే దాని నెట్‌వర్క్ పర్మిషన్ (ఇంటర్నెట్ వాడే అనుమతి) తీసేసి వాడుకోవచ్చు. నాకు బాగా నచ్చిన సదుపాయం ఇదే.