పార్టీలో అందరూ కలిసి మాట్లాడుకోవాలంటే కుర్చీలు తగ్గించండి

ఇంట్లో పార్టీ పెడితే తెలిసినవాళ్లంతా ఓ మూల చేరిపోతారు, కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. దీనికి ఆటలూ పోటీలూ అక్కర్లేదు (అవి చాలామందికి ఇబ్బందే).

20 మంది వస్తుంటే 12 కుర్చీలే బయట ఉంచి, మిగతావి లోపలి గదిలో పెట్టేయండి. అందరికీ సీటు దొరికితే ఇక ఎవరూ లేవరు. ఉన్నవాటిని గోడ వెంట వరసగా కాకుండా మూడేసి చొప్పున ఎదురెదురుగా వేయండి. తాగేవి హాల్లో ఒక చివర, తినేవి ఇంకో చివర పెట్టండి. రెండూ ఒకేచోట ఉంటే ప్లేటు నింపుకుని మళ్లీ అదే మూలకి పోతారు. బల్లని గోడ నుంచి రెండడుగులు ముందుకి లాగితే చుట్టూ నిలబడొచ్చు, గ్లాసు కోసం చెయ్యి చాపినప్పుడే మాట కలుస్తుంది.

ముందుగా వచ్చిన మొహమాటస్తులకి గ్లాసులు అందించే పని అప్పగించండి. పరిచయం చేసేటప్పుడు పేరు దగ్గర ఆగకుండా "ఈవిడ కూడా మీలాగే మొక్కలు పెంచుతారు" అని ఒక ముక్క కలిపి, మాట సాగాక మెల్లగా తప్పుకోండి. పాటల సౌండ్ అంటారా, పక్కవాళ్లతో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే ఎక్కువైనట్టే.

పెద్దవాళ్లు, గర్భిణులు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వస్తుంటే ముందు వాళ్లకి కుర్చీలు కేటాయించి, తర్వాతే మిగతా లెక్క చూసుకోండి. కూర్చుని తినాల్సిన పూర్తి భోజనమైతే మాత్రం కుర్చీలు తగ్గించొద్దు, చేతిలో ప్లేటుతో అందరూ విసుక్కుంటారు.