హాడ్జ్‌కిన్ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 4వ భాగం: కణాలున్నాయి సరే, పని చేస్తున్నాయా?

హాడ్జ్‌కిన్ లింఫోమా అంటే లింఫ్ గ్రంథులకు వచ్చే ఒక క్యాన్సర్. ముందు పోయిన భాగంలో ఇచ్చిన లెక్క చూద్దాం: జబ్బు ముప్పును అంచనా వేసే స్కోరులో లింఫోసైట్లు (రోగనిరోధక శక్తినిచ్చే ఒక రకం తెల్లకణాలు) తగ్గినందుకు పాయింటు పడుతుందా? పాయింట్లు పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ. తెల్ల రక్తకణాలు మైక్రోలీటరుకు 12,000, అందులో లింఫోసైట్లు 6 శాతం. గుణిస్తే 720 వస్తుంది. 600 దాటింది కదా, పాయింటు పడదు అని రాసుకున్నవాళ్లు మళ్లీ చూడండి. ముదిరిన దశలో వాడే ఆ స్కోరు, అంటే అంతర్జాతీయ ప్రోగ్నోస్టిక్ స్కోరు, 1998లో వచ్చింది. అందులో లింఫోసైట్లు 600 కన్నా తగ్గినా, 8 శాతం కన్నా తగ్గినా ఒక పాయింటు పడుతుంది. ఏదో ఒకటి చాలు. ఇక్కడ శాతం తగ్గింది కాబట్టి పాయింటు పడుతుంది.

లెక్క వచ్చేసింది. కానీ ఈ జబ్బులో లెక్క సగం కథే.

1902లో డొరోతీ రీడ్ అనే అమెరికన్ వైద్యురాలు ఈ రోగులకు ట్యుబర్‌క్యులిన్ (క్షయ బ్యాక్టీరియా నుంచి తీసిన పదార్థం) ఇచ్చి చూస్తే స్పందన రాలేదు. ఆ పరీక్షను ఇప్పుడు చర్మంలోకి సూదితో ఇచ్చి, 48 నుంచి 72 గంటల్లో అక్కడ గట్టిపడిందా లేదా అని చూస్తారు. గట్టిపడేలా చేసేది లింఫోసైట్లలో ఒక రకమైన టి కణాలు. పాత పరిచయమున్న సూక్ష్మజీవి ముక్కను గుర్తుపట్టి, తోటి కణాలను అక్కడికి పిలుస్తాయి. హాడ్జ్‌కిన్ రోగుల్లో చాలామందికి ఈ పిలుపే సరిగా అందదు. ల్యాబులో లింఫోసైట్లకు పీహెచ్ఏ అనే పదార్థం కలిపితే అవి మామూలుగా జోరుగా విభజన చెందాలి. ఈ రోగుల కణాల్లో చాలాసార్లు ఆ జోరు తగ్గి ఉంటుంది. చికిత్స మొదలుకాక ముందు యాంటీబాడీల తయారీ మాత్రం దానితో పోలిస్తే మెరుగ్గానే ఉంటుంది. అంటే దెబ్బ ముఖ్యంగా టి కణాల మీదే. అందుకే రిపోర్టులో ‘ట్యుబర్‌క్యులిన్ నెగెటివ్’ అని కనిపిస్తే క్షయ లేదని కొట్టిపారేయకండి. క్షయ ఉన్నా స్పందించే శక్తి లేకపోయి ఉండొచ్చు.

ఇక బయాప్సీ, అంటే వాచిన గ్రంథి ముక్క తీసి చేసే పరీక్ష. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇదే. వాచిన గ్రంథిలో అసలు క్యాన్సర్ కణాలు, అంటే రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలూ వాటి జాతివీ, తరచూ నూటికి ఒకటి చొప్పునే ఉంటాయి. మిగతా ముద్దంతా లింఫోసైట్లు, ఇయోసినోఫిల్స్, ప్లాస్మా కణాలు, మాక్రోఫేజులు లాంటి రోగనిరోధక కణాలే. అవి వాటంతట అవి వచ్చినవి కావు. క్యాన్సర్ కణమే సీసీఎల్17 లాంటి రసాయనాలు వదిలి రప్పించుకుంటుంది. వచ్చినవాటిలో రోగనిరోధక స్పందనను అణచిపెట్టే నియంత్రక టి కణాలూ ఉంటాయి. పైగా 9వ క్రోమోజోములో 9పీ24.1 అనే చోట జన్యు ప్రతులు పెరగడం వల్ల ఆ క్యాన్సర్ కణం ఒంటి మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ దట్టంగా ఉంటుంది. అది టి కణం మీది పీడీ-1 అనే ప్రోటీన్‌కి తగిలితే టి కణం చల్లబడుతుంది. అంతమంది చుట్టూ ఉండి కూడా చేతులు కట్టుకుని నిలబడ్డట్టే. ఆ పట్టు విడిపించే మందే నివోలుమాబ్. 2015లో అచ్చయిన తొలి అధ్యయనంలో, పాత చికిత్సలకు లొంగనివారూ జబ్బు తిరగబెట్టినవారూ కలిపి 23 మంది ఉంటే, 20 మందిలో గడ్డలు తగ్గాయి.

కాబట్టి రిపోర్టులో ప్రతి మార్కరు (కణం రకాన్ని గుర్తుపట్టించే ప్రోటీన్) దగ్గరా ‘ఇది ఏ కణానిది?’ అని అడగండి. టి కణాల గుర్తయిన సీడీ3 దగ్గర ‘సీడీ3 పాజిటివ్’ అని చూసి టి కణాల లింఫోమా అనుకోవద్దు. అదే వాక్యంలో ‘చుట్టూ ఉన్న చిన్న లింఫోసైట్లు’ అని ఉందేమో చూడండి. క్యాన్సర్ కణాల వివరం ‘పెద్ద కణాలు: సీడీ30 పాజిటివ్, సీడీ15 పాజిటివ్, పాక్స్5 బలహీనంగా పాజిటివ్’ అన్నచోట ఉంటుంది.

అభ్యాసం: తెల్లకణాలు 7,000, లింఫోసైట్లు 9 శాతం, ట్యుబర్‌క్యులిన్ నెగెటివ్, పెద్ద కణాల్లో పీడీ-ఎల్1 బలంగా పాజిటివ్. లింఫోసైట్ల పాయింటు పడుతుందా? ఈ రిపోర్టులో టి కణాల పనితీరు గురించి చెప్పేది ఏది, వాటి సంఖ్య గురించి చెప్పేది ఏది? విడదీసి రాయండి. ఈ రోగులకు రక్తం ఎక్కించేముందు దాన్ని రేడియేషన్‌కు ఎందుకు గురిచేస్తారో 5వ భాగంలో చూద్దాం.