సేవా సంఘం నడిపేదెట్లా? 5వ పాఠం: రక్తదాన శిబిరం

మూడో పాఠంలో ఏడుగురు సభ్యులతో 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించాం, నాలుగో పాఠంలో రసీదు పుస్తకం తెరిచాం. ఇక అసలు పనిలోకి దిగుదాం. కొత్త సంఘాలు చాలావరకు ముందుగా పెట్టేది రక్తదాన శిబిరమే. ఖర్చు తక్కువ, పేపర్లో ఫోటో గ్యారంటీ. పెట్టడం తేలికే. అవసరమైన రోజున పెట్టడమే కష్టం. అందుకే ఈ పాఠంలో సగం తేదీ గురించే.

మన అనంతపురంలో శిబిరం అనగానే ఆగస్టు 15, అక్టోబరు 2, లేదంటే నాయకుడిదో హీరోదో పుట్టినరోజు గుర్తొస్తాయి. నాలుగు సంఘాలూ ఒకే రోజు పెడితే బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ నిండిపోతుంది. మంచిదే కదా అనుకోవద్దు. ఎర్రకణాలు చల్లగా దాచినా 35 నుంచి 42 రోజులే ఉంటాయి. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. గడువు దాటినదాన్ని పారేయక తప్పదు. ఆ రోజు ఇచ్చిన మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగితే గానీ మళ్లీ ఇవ్వకూడదు. అంటే ఫ్రిజ్ ఖాళీ అయ్యేసరికి ఇచ్చేవాళ్లు కూడా ఉండరు.

ఏప్రిల్, మే వచ్చాయంటే జేఎన్‌టీయూ, ఎస్కేయూ యూనివర్సిటీల హాస్టళ్లు ఖాళీ అవుతాయి. శిబిరాలకు ఎప్పుడూ వచ్చేది ఆ పిల్లలే. ఎండకు మిగతావాళ్లు ఇల్లు కదలరు. కాన్పులు, రోడ్డు ప్రమాదాలు మాత్రం ఆగవు. పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా పిల్లలకైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. కాబట్టి నా లెక్కలో మొదటి శిబిరానికి మే నెలను మించింది లేదు. అధ్యక్షుడి పుట్టినరోజు డిసెంబరులో ఉంటే ఆయనకు కేక్ కోయండి, శిబిరం వద్దు.

తేదీ మీరే ఖాయం చేసుకుని బ్లడ్ బ్యాంకుకు చెప్పొద్దు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. రక్తం తీసే అధికారం లైసెన్సున్న బ్లడ్ బ్యాంకుదే, మన సంఘం పని మనుషుల్ని పిలిచి, చోటు చూపించడం. అక్కడి డాక్టరుగారిని రెండే అడగండి: ఏ వారంలో కొరత ఎక్కువ? ఎన్ని మంచాలతో, ఎంతమంది సిబ్బందితో వస్తారు? ఒక్కొక్కరికి మంచం మీద పావుగంట వేసుకుంటే గంటకు నలుగురు. నాలుగు మంచాలు, నాలుగు గంటలు అనుకుంటే 64 మంది. ఇది కాగితం మీది లెక్క, నిజంలో ఇంకా తగ్గుతుంది. రెండొందల మందిని పిలిచి గంటలకొద్దీ నిలబెడితే వాళ్లు మళ్లీ మీ శిబిరం వైపు చూడరు.

మేలో షామియానా పనికిరాదు. ఫ్యాన్లు, మరుగుదొడ్డి ఉండి, కరెంటు పోతే జనరేటరు వేసుకోగలిగిన గ్రౌండ్ ఫ్లోర్ హాలు చూడండి. ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టి పన్నెండుకు ముగించండి. వారం సంగతి కూడా చూసుకోవాలి. మన దగ్గర శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఎక్కువ. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదు, ఇచ్చే ముందు నాలుగు గంటల్లోపు ఏదైనా తిని ఉండాలి. రంజాన్ నెలలో పగటిపూట పెట్టకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు. ఆదివారం పెట్టుకోండి, ఉగ్గాని, బజ్జీ తిని తీరిగ్గా వస్తారు.

ఇప్పుడు హాల్లోకి వద్దాం. రాగానే ఫారం నింపించాలి. వయసు 18 నిండి ఉండాలి, 65 దాటకూడదు, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. తర్వాత హిమోగ్లోబిన్ పరీక్ష. చాలా చోట్ల చూసే పద్ధతి ఇది: వేలికి సూదితో గుచ్చి, ఒక్క బొట్టును నీలంరంగు మైలుతుత్తం ద్రావణంలో వదులుతారు. బొట్టు గబుక్కున కిందికి మునిగితే హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉన్నట్టు, ఇవ్వొచ్చు. పైనే తేలినా, మధ్యలో ఆగి పైకొచ్చినా తక్కువున్నట్టు.

ఈ బల్ల దగ్గర మీ వాళ్లలో కాస్త మాట మెత్తనైన మనిషిని కూర్చోబెట్టండి. ఎంతో ధైర్యం చేసుకుని వచ్చిన ఆడపిల్లకు ‘నీకు రక్తం లేదు, పో’ అని అందరి ముందూ చెబితే ఆమె ఇంకెప్పుడూ రాదు. ‘కొంచెం తక్కువుందమ్మా, డాక్టరుకు చూపించుకో, బాగయ్యాక తప్పకుండా రా’ అని పక్కకు పిలిచి చెప్పాలి. ఆమెకూ జ్యూస్ ఇవ్వాలి. వెనక్కి పంపినవాళ్లను ఎలా పంపారన్నదాన్ని బట్టే మీ రెండో శిబిరానికి జనం వస్తారు.

కళ్లు తిరగడం మామూలే, ముఖ్యంగా మొదటిసారి ఇచ్చేవాళ్లకు. పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టి, సిబ్బందిని పిలవండి. చుట్టూ మూగి సెల్‌ఫోన్‌లో వీడియో తీసేవాళ్లను బయటికి పంపండి. ఒకరు పడిపోవడం చూస్తే వరసలో ఉన్నవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది, ఇంకొకరు పడతారు. అందుకే విశ్రాంతి మంచాలకు అడ్డంగా ఒక తెర కట్టండి, పాత దుప్పటైనా సరే. ఇచ్చినవాళ్లను పది, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టాకే పంపాలి.

తాగడానికి డబ్బా జ్యూస్ కొనాల్సిన పనిలేదు. చీని (బత్తాయి) తోటల జిల్లాలో ఉన్నాం. బుట్టెడు చీనికాయలు తెచ్చి అక్కడే రసం తీయించండి, బిస్కెట్లు పక్కన పెట్టండి. ఫ్లెక్సీ బిల్లు రసం బిల్లును దాటకుండా కోశాధికారి చూసుకోవాలి. ఖరీదైన కానుకలు ఆశ పెట్టొద్దు. కానుక కోసం వచ్చేవాడు తన జబ్బు సంగతి దాచే ప్రమాదం ఉంది. డబ్బుకు రక్తం అమ్మడం 1998 జనవరి 1 నుంచే దేశంలో నిషేధం.

తీసిన ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. ఎవరికైనా తేడా వస్తే బ్లడ్ బ్యాంకు ఆ మనిషికే గోప్యంగా చెబుతుంది. సంఘం తరఫున ఆరా తీయొద్దు, ఆఖరికి అధ్యక్షుడైనా సరే.

శిబిరం అయిపోయాక మిగిలే ఆస్తి, రక్తం ఇచ్చినవాళ్ల జాబితా. పేరు, గ్రూపు, ఫోన్, ఇచ్చిన తేదీ, మళ్లీ ఇవ్వదగిన తేదీ, ఇవి ఒక రిజిస్టరులో రాసుకోండి. వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. దళారుల చేతికి చిక్కితే రక్తం ఇచ్చినవాళ్ల ఫోన్లు అర్ధరాత్రి మోగుతూనే ఉంటాయి. ఆ నంబర్లు కార్యదర్శి, ఇంకొకరు, ఇద్దరి దగ్గరే ఉండాలి. ఓ నెగటివ్ లాంటి అరుదైన గ్రూపులవాళ్లు ముగ్గురు, నలుగురు దొరికితే అందరిచేతా ఒకే రోజు ఇప్పించకండి. డాక్టరుగారిని అడిగి ఒకరిద్దరిని అవసరానికి పిలిచేలా అట్టిపెట్టుకోండి. ఆసుపత్రి నుంచి రాత్రి రెండింటికి ఫోన్ వస్తే మీ సంఘానికి అసలు పరీక్ష అప్పుడే.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సింది: మీకు దగ్గర్లోని బ్లడ్ బ్యాంకుకు ఇద్దరు వెళ్లి, పైన చెప్పిన రెండు విషయాలూ అడిగి, జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయండి. సభ్యులందరి గ్రూపులూ రాయండి. తమ గ్రూపు తెలియదనేవాళ్లు తప్పకుండా కొందరుంటారు, వాళ్లను కూడా ఆ రోజే వెంట తీసుకెళ్లండి. ఆరో పాఠంలో చలివేంద్రం: కుండలు, నీళ్ల ట్యాంకరు, రోజూ ఎవరు కడగాలన్న గొడవ.